కొసరుగా వచ్చిన లైట్లు

మా ఊళ్లో బేరమాడటంలో నన్ను మించినవాడు లేడు. పాత మోటారు సైకిల్‌కు వైరింగు మొత్తం మార్చడానికి మెకానిక్ చెప్పిన రేటును సగానికి దించి, ఆ పైన కొసరు కూడా రాబట్టింది నేనే. మా నాన్న కిరాణా కొట్టులో పప్పు తూచాక గుప్పెడు కొసరు పడందే ఎవరూ సంచి మూసేవారు కాదు. అక్కడ పెరిగినవాణ్ని, కొసరు లేకుండా బేరం ముగిస్తే నాకు నిద్ర పట్టదు.

"సేటూ, నాకే ఏం మిగల్తలేదు," అన్నాడు మెకానిక్.

"ఏదో ఒకటి వెయ్. ఉత్త చేతుల్తోని పొమ్మంటవా?"

విసిగిపోయి ముందువైపు, తాళం తిప్పగానే వెలిగే రెండు తెల్ల లైట్లు, పాటలా మోగే హారన్ బిగించాడు. ఊరంతా మోగించుకుంటూ తిరిగాను. వాటికి కరెంటు ఏ వైరు నుంచి తీశావని అడగలేదు. ఊరికే వచ్చిన వస్తువు గురించి ప్రశ్నలు వేసే అలవాటు మా ఇంటావంటా లేదు.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం భద్రాచలం దవాఖానా నుంచి తోడల్లుడు ఫోన్ చేశాడు. మా మరదలికి కాన్పు అయింది, రక్తం ఆగడం లేదు.

"అన్నా, వదినను జల్దీ తీస్కరా. ఉన్న ఒక్క సీసా ఎక్కించిండ్రు. ఆ గ్రూపు ఇంకోటి దొరికితెనే ఆపరేషన్ అంటుండ్రు."

ఆ గ్రూపు మా ఆవిడది. చెల్లెలి కోసం ఒక బ్రెడ్డు పొట్లం సంచిలో వేసుకుని వెనక కూర్చుంది. మా ఊరు పాల్వంచ అవతల, అడవిలోపల. పెద్ద రోడ్డు ఎక్కాలంటే ముందు అడవి దారి దాటాలి. సగం దారిలో బండి దగ్గడం మొదలుపెట్టి ఆగిపోయింది. కిక్కు కొడితే అంటుకుంటుంది, నాలుగుసార్లు కొట్టుకుని చస్తుంది. ఫోన్‌కు సిగ్నల్ లేదు.

అంతలో మేకల లోడుతో ఒక ట్రాలీ ఆటో వచ్చింది.

"భద్రాచలమా? మేకలను దించి పోవాలె. ఎనిమిది వందలు," అన్నాడు డ్రైవర్.

"నాలుగొందలు," అంది నా నోరు, నన్ను అడక్కుండానే.

అతను నన్నూ, చచ్చిన బండినీ చూశాడు. "అయితె గట్లనే నిలబడు, అన్నా," అని గేరు వేశాడు.

నేను కంగారుపడలేదు. బేరంలో నాలుగడుగులు పోనివ్వాలి, వాడే వెనక్కి తిరుగుతాడు. మలుపు దాకా చూశాను. ఆటో మలుపు తిరిగిపోయింది. చప్పుడు కూడా వినపడకుండా పోయాక అర్థమైంది, వాడికి మా కొట్టు పద్ధతి తెలియదని.

"నా చెల్లె పానం మీద గూడ బేరం పెట్టినవా?" అంది మా ఆవిడ. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది.

పెట్రోలు చూశాను, ఉంది. ప్లగ్గు విప్పి ఇంజనుకు ఆనించి కిక్కు కొట్టాను. నీలంగా రావాల్సిన నిప్పురవ్వ ఎర్రగా, నీరసంగా వచ్చింది.

"బ్యాటరీ పోయిందా ఏంది?" అంది మా ఆవిడ.

"పోతే హారన్ ఎట్ల మోగుతది?" అని మోగించి చూపించాను.

"అయితె ఆడ ఉన్నది ఈడికి వస్తలేదన్నట్టు. చూడు మరి."

వెనక ఇండికేటర్ నుంచి బల్బును వైర్లతో సహా లాగాను. తాళం తిప్పి, ఒక వైరు ఫ్రేముకు ఆనించి, రెండోది బ్యాటరీకి తాకిస్తే కళ్లు చెదిరేలా వెలిగింది. ఇంజనుకు నిప్పునిచ్చే కాయిల్ దగ్గర తాకిస్తే వత్తి తగ్గించిన దీపంలా మిణుకుమంది. బ్యాటరీలో నిండుగా ఉన్న వోల్టేజీ కాయిల్ చేరేసరికి పడిపోతోంది. ఇక దారిలో ఎవరు తింటున్నారో పట్టుకోవాలి.

వైరు వెంటే వెతుక్కుంటూ పోయాను. మా ఆవిడ బల్బు పట్టుకుని చెప్తోంది. తాళం దాటాక, "మంచిగనే ఉంది." ట్యాంకు కింద టేపు చుట్టిన ముద్దకు ఇవతల, "ఇక్కడా మంచిగనే." ముద్దకు అవతల ఆమె బల్బును నా వైపు తిప్పింది. బల్బు ఎర్రబడింది.

టేపు చేతికి జిగటగా కరిగి వచ్చింది. లోపల కాయిల్ వైరును తెంపి కలిపిన అతుకుకు మెలితిప్పిన సన్నటి వైర్లు, పచ్చగా చిలుము పట్టి, తాకితే చురుక్కుమనేంత వేడిగా ఉన్నాయి. అవెక్కడికి పోతున్నాయో చూశాను. తెల్ల లైట్లకు, హారన్‌కు.

"నీ కొసరేనా?"

"అవ్."

కొట్టులో పొట్లాలు కోయడానికి జేబులో ఉంచుకునే కత్తితో వాటిని కోసేశాను. తెగిన కొసలను ఆమె పక్కకు వంచి పట్టుకుంది. కాయిల్ వైరు రెండు కొసలను రాగి మెరిసేదాకా గీకి, గట్టిగా మెలితిప్పి, బ్రెడ్డు కవరు ముక్క చుట్టి, ఆమె జడ రబ్బరు బిగించాను. బల్బు తాకిస్తే తెల్లగా వెలిగింది. రెండో కిక్కుకు ఇంజను అంటుకుంది. గోదావరి వంతెన దాటేదాకా ఇంజను చప్పుడే వింటూ పోయాం.

తోడల్లుడు గేటు బయట, రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు. ఆలస్యం ఎందుకని అడగలేదు. మా ఆవిడను చెయ్యి పట్టుకుని లోపలికి నడిపించుకుపోయాడు. చీకటి పడేలోపు ఆపరేషన్ అయింది. మరదలు బతికింది. ఇంకో గంట ఆగి ఉంటే చెప్పలేమన్నారని తర్వాత తెలిసింది.

మర్నాడు అక్కడే వైరింగు మళ్లీ చేయించాను. రేటు విని అలవాటుగా నోరు తెరిచాను. పక్కన మా ఆవిడ మోచేతి మడతలో అంటించిన దూది కనిపించి మూసుకున్నాను. చివర్లో ఆ మెకానిక్కే తాళంచెవికి తగిలించే బొమ్మ ఒకటి కొసరుగా ఇవ్వబోతే వద్దన్నాను.

మొదటి వైరింగుకు పదకొండు వందలు, రెండోదానికి రెండు వేల ఆరు వందలు. వెరసి మూడు వేల ఏడు వందలు. మొదటి మెకానిక్ నోరు తెరిచి అడిగింది రెండు వేల రెండు వందలే. ఆటోలో నాలుగు వందలు మిగిల్చాను కదా అని తీసేద్దామనుకున్నాను గానీ, ఎక్కని ఆటోకు మిగులు ఏమిటి? బేరమాడి నేను పోగొట్టుకున్నది పదిహేను వందలు. ఇది నా ఖర్చు. రక్తం సీసా మా ఆవిడది. గేటు బయట నిలబడ్డ సమయం తోడల్లుడిది. అవి నేను కట్టినట్టు రాసుకోను.