క్లారిటీ షావుకారు

నేను గుమాస్తాగా చేసిన మామిడికాయల మండీ షావుకారు, ఏ ఆలోచన వచ్చినా గోడకున్న డిజిటల్ బోర్డు మీద పసుపు చీటీగా పెట్టేవాడు. చీటీకీ చీటీకీ మధ్య బాణం గీసి, రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకి వంచి, "ఇప్పుడు క్లారిటీ వచ్చిందయ్యా" అనేవాడు. తిరువూరు మొత్తంలో అంత క్లారిటీ ఉన్న మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఓ వేసవి మధ్యాహ్నం, కోత మనుషుల్ని పంపుతామని మేం మాటిచ్చిన రైతు రెడ్డిగూడెం నుంచి ఫోన్ చేశాడు. "మబ్బు కమ్ముకొస్తోందండి, మనుషుల్ని ఇప్పుడే పంపండి."

ఆ మాటే షావుకారుకి చెప్పాను. ఆయన "గాలివాన" అని కొత్త చీటీ పెట్టి, దాన్నుంచి "కోత" చీటీకి బాణం గీశాడు. వంకరగా వచ్చిందని చెరిపి మళ్ళీ గీశాడు. కోత మనుషులు బయట ఆటోలో ఎక్కి కూర్చుని, ఆయన పొమ్మనే మాట కోసం చూస్తున్నారు.

బాణం తిన్నగా వచ్చేసరికి ఫోన్ మళ్ళీ మోగింది. కాయంతా నేలరాలిందని చెప్పి పెట్టేశాడు రైతు.

విషయం చెప్తే షావుకారు "కోత" చీటీని వేలితో మెల్లగా జరిపి "పూర్తయినవి" అన్న గడిలో పెట్టాడు. రెండడుగులు వెనక్కి వేసి, తల పక్కకి వంచాడు.

"చెట్ల మీద ఇంక కొయ్యాల్సిందేం లేదుగా," అన్నాడు.