మాట వచ్చేదాకా

మా భాషాశాస్త్రం మాస్టారు పోయారని మంగళవారం పొద్దున్నే ఏలూరు నుంచి ఫోన్ వచ్చింది. నాన్నకు చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. మేమూ తొందరపెట్టలేదు. మా ఇంటికి ఆ ఓపిక నేర్పింది మాస్టారే.

"దీంతో ఉద్యోగం వస్తుందా అండీ?" అని కాలేజీలో అడిగిన మొదటి ఘనురాలిని నేనే. ఆయన నొచ్చుకోలేదు. మమ్మల్ని బస్సెక్కించి కొల్లేరు లంకలకు తీసుకెళ్లి, చేపలు పట్టేవాళ్ల మాటలు టేపురికార్డరులో ఎక్కించమన్నారు. "పుస్తకంలో లేని మాట తప్పు మాట కాదమ్మా, పుస్తకమే ఇంకా ఇక్కడిదాకా రాలేదు" అనేవారు. పసిపిల్లలకు మాటలు రావడం, సెల్‌ఫోన్లో తెలుగు అక్షరాలు కుదరడం, కోర్టులో సాక్షి చెప్పింది రాసుకోవడం, అన్నీ తన శాస్త్రంలోవేనని ఆయన ధీమా. గొప్పలు పోతున్నారనుకునేవాళ్లం.

నా ఆఖరి సంవత్సరంలో నాన్నకు పక్షవాతం వచ్చింది. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో అందరికంటే పైకి వినబడే గొంతు మూగబోయింది. డాక్టరుగారు మందులిచ్చి, రోజూ మాట్లాడించమన్నారు. ఆరు నెలలైనా ఫలితం లేదు. ఇక నాన్న కొట్టు అమ్మేద్దామని చుట్టాలు ఆయన ఎదురుగానే అనేశారు, ఆయనకేమీ అర్థం కానట్టు.

సంగతి విని ఓ ఆదివారం మాస్టారు మా ఇంటికి వచ్చారు. గంటసేపు ఊరికే కూర్చుని చూశారు. నాన్న "కా..." అనగానే అమ్మ "కాఫీయా అండీ?" అంది. బాబాయి "కాగితమా అన్నయ్యా?" అన్నాడు. నేను "కాళ్లు నొప్పా నాన్నా?" అన్నాను. నాన్న అలసిపోయి దేనికో దానికి తలూపేశారు.

"మీ ఇంట్లో మర్యాద ఎక్కువైందండీ" అన్నారు మాస్టారు.

మా వైపు పెద్దవాళ్లు మాటకు తడుముకుంటే అందించడమే పద్ధతి. అమ్మ కళ్లొత్తుకుంటూ, "ఆయన కష్టపడుతుంటే చూడలేకపోతున్నామండీ" అంది.

"అయితే కిటికీలోంచి బయటికి చూడండమ్మా. నోరు మాత్రం విప్పకండి. ఆయన బుద్ధి చెక్కుచెదరలేదు. మాటకు పాత దారి మూసుకుపోయింది, ఇంకో దారి ఆయనే వెతుక్కోవాలి."

ఆ తర్వాత ప్రతి ఆదివారం వచ్చి ఒక ప్రశ్న వేసి, చేతులు కట్టుకుని కూర్చునేవారు. నాలుగు నెలలకు నాన్న నోటివెంట మొదటి వాక్యం వచ్చింది. "కొట్టు... అమ్మ... అమ్మనివ్వను." బాబాయి బావురుమన్నాడు. మాస్టారేమో, "అయ్యో, నేను కొందామనుకున్నానే!" అని ఆటపట్టించారు. ఆ క్షణంలో ఆయన మీద కలిగినంత ప్రేమ నాకు దేవుడి మీద కూడా ఎన్నడూ కలగలేదు.

కొట్టు నిలిచింది. నాకు ఉద్యోగమూ వచ్చింది. ఆస్పత్రిలో మాట పోయినవాళ్ల దగ్గర కూర్చోవడమే నా పనిప్పుడు.

మొన్న కాలేజీలో జరిగిన సంతాపసభలో నాన్న తనంతట తానే లేచారు. "మాస్టారు..." అని ఆగిపోయారు. ముందు వరసలో పెద్దాయనెవరో మాట అందించబోతే అమ్మ చెయ్యెత్తి వారించింది. నాన్న పెదవులు కదిలి, ఆగి, మళ్లీ కదిలాయి.

"మాస్టారు... నా కోసం... ఆగారండీ."

కూర్చోలేదు. ఇంకా ఏదో చెప్పాలన్నట్టు కుర్చీ వీపు పట్టుకుని అలాగే నిలబడ్డారు. ఎవరూ కదల్లేదు.