ఆఖరి ముడి

నా చిన్నప్పుడు, అంటే ఎనిమిదో తరగతిలో, ఒక అట్టపెట్టె నన్ను దుబాయ్‌లో నిలబెట్టింది. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. అప్పుడు మేం అక్కడ సత్వా అనే పేటలో ఉండేవాళ్లం. లెక్కల్లో తప్పితే కాకినాడ హాస్టల్లో వేసేస్తానని నాన్న తేల్చి చెప్పారు. అమ్మను వదిలి వెళ్లాలంటే నాకు ప్రాణం పోయినట్టుండేది.

తప్పనే తప్పాను. సమీకరణాలు నాకు ఒక పట్టాన కొరుకుడు పడేవి కావు. నాన్న సంతకం కోసం బడిలో ఇచ్చిన ఆ లెక్కల పరీక్ష పేపరును ఇంట్లో చూపించలేదు. పక్కింటి నర్సు అక్క మర్నాడు సెలవు మీద ఊరికి వెళ్తూ అట్టపెట్టె సర్దుకుంటుంటే, సాయం చేస్తున్నట్టు నటించి, దాన్ని చీరల అడుగున దాచేశాను. సముద్రం దాటాక ఎవరికి దొరుకుతుందిలే అని నా తెలివి! తీరా ఇంటికొచ్చాక నా స్నేహితురాలు ఫోన్ చేసి చల్లగా చెప్పింది, సంతకం లేకపోతే మళ్లీ పరీక్ష రాయనివ్వరట.

పరుగెత్తాను. అప్పటికే అక్క పెట్టెకు టేపు వేసి, దుప్పటి చుట్టి, పైన నైలాన్ తాడు బిగించి రెండు వైపులా ముడులు వేసేసింది. ఏడుస్తూ జరిగిందంతా చెప్పి, కత్తెరతో ఓ పక్క కోసి తీసేద్దామన్నాను. డ్యూటీ నుంచి వచ్చి ఇంకా నడుం వాల్చని మనిషి, ఒక్క మాట తిట్టలేదు. నన్నే విప్పమంది. నేను తాడు సందులోంచి దుప్పటి లాగబోతే చెయ్యి పట్టుకుంది.

“ఆఖర్న కట్టింది ముందు ఇప్పాలి పాపా. తాడు, తర్వాత దుప్పటి, తర్వాత టేపు. యల్లా, కానియ్.”

పేపరు బయటికొచ్చింది. మూడు ఎక్స్‌కు ఐదు కలిపితే ఇరవై అన్న లెక్కలో, నేను ఐదును అలాగే వదిలేసి ఇరవైని మూడుతో భాగించి కూర్చున్నాను. అక్క దాని మీద వేలు పెట్టి, ఎక్స్‌కు మొదట చుట్టింది మూడు, ఆ పైన కట్టింది ఐదు అంది. తాడు ముడి రెండు వైపులా విప్పినట్టే ఐదును కూడా రెండు వైపులా తీసెయ్యమంది. తీశాను. మూడు ఎక్స్ పదిహేను. ఇప్పుడు మూడుతో భాగిస్తే ఎక్స్ ఐదు. ఇంతేనా అని నాకు నవ్వొచ్చింది, వెంటనే మళ్లీ ఏడుపొచ్చింది.

ఆ పేపరు నాన్న ముందు నేనే పెట్టాను. ఆయన తప్పిన లెక్కలన్నీ ఒక్కొక్కటే చూసి సంతకం చేశారు. మళ్లీ పెట్టిన పరీక్షలో గట్టెక్కాను. హాస్టల్ మాట ఖలాస్.

అక్క ఆ పెట్టెను మొదటి నుంచీ మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది. ప్రయాణం ముందు కాస్త కునుకు తీయాల్సిన మనిషి, నా కోసం నేల మీద కూర్చుని తాడు బిగించుకుంది. ఆమెకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

ఇప్పుడు నాకు మనవలున్నారు. ఇంట్లో ఏ చిక్కు వచ్చినా కత్తెర జోలికి పోను. ఆఖరి ముడి ఎక్కడుందో వెతుక్కుని, దాని దగ్గర కూర్చుంటాను.