ఐదో కప్పు మామిడి జ్యూస్

ఆ ఎండాకాలం హైటెక్ సిటీలోని మా ఆఫీసులో, నాలుగు కేఫ్‌ల మామిడి జ్యూసులు తెప్పించి ఏది బాగుందో పోల్చుకున్నాం. అందరం తాగగా మిగిలిన ఎంగిలంతా నేనే ఐదో కప్పులో పోసి, హౌస్‌కీపింగ్ యాదమ్మను పిలిచాను.

"ఇది కొత్త కేఫ్‌ది. ఎలా ఉందో చెప్పు."

ఆమె ఒక్క గుక్క తాగి మురిసిపోయింది. "మస్తుగుంది సార్! మిగిలింది నా బిడ్డకు తీస్కపోత."

అందరం పగలబడి నవ్వాం. ఒకడు నిజం చెప్పేశాడు.

ఆమె కప్పు కింద పెట్టింది. "నేను తాగితే తాగిన సార్. నా బిడ్డకు గూడ తాపుదును గద!"

మర్నాడు క్షమాపణ అడుగుదామని వెతికాను. ఆమె డ్యూటీ వేరే ఫ్లోరుకు మార్పించుకుందట. ఇక ఆమె ముఖం చూడక్కర్లేదని హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఆ హాయిని తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.