మా అన్న చూసిన ఏరు

మా అన్న తెల్లదొరల సీమకు పోయి లాయరు చదువుతోబాటు ఒక సైకిలు యాత్రను కూడా మోసుకొచ్చాడు. వేసవి సెలవుల్లో పక్క దేశంలో ఒక పెద్ద ఏటి వెంబడి, తెల్లవాళ్ళతో కలిసి, ఊరూరూ తిరిగాడట. మహా ఘనకార్యం! కడపలో మా వాకిట్లో మంచమేసుకుని రోజూ అదే పురాణం.

"తొందరేముండాదప్పా? పొద్దున రవ్వంత దూరం తొక్కేది, చెట్టు కింద పండుకునేది. ప్రతి ఊర్లోనూ ఒక పాతకోట. ఏరు చూస్తే నిండా నీళ్ళు!"

వినేవాళ్ళు నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళు. మా పెన్న ఒడ్డున సిద్ధవటం కోట ఉంది. ఈ పెద్దమనిషి దాని గడప తొక్కిన పాపాన పోలేదు.

ఆయన అక్కడున్నప్పుడే మా నాయన పోయాడు. కర్మ చిన్నాయన చేశాడు. అమ్మ మాత్రం కరణంతో అన్నకు జాబు రాయించింది: ఏ దేశమైనా సరే, పారే ఏట్లో దిగి నాయన పేరు చెప్పి మూడు దోసిళ్ళ నీళ్ళు వదలమని. కొడుకు చేతి నీళ్ళు అందితే చాలని ఆమె ఆశ. అన్న తిరిగొచ్చినప్పటి నుంచి ఆ మాట ఎప్పుడు చెబుతాడా అని గడప దగ్గర కూర్చుని వినేది. చివరికి ఆమే అడిగింది.

"ఆ యేట్లో దిగినావా నాయనా?"

"దిగకుండా ఉంటానామ్మా? రోజూ ఈత కొట్టినా."

"మీ నాయనకు నీళ్ళు వదిల్నావా?"

"అయ్యో, జాబు అందిందిలే. ఆడ మంత్రాలు చెప్పే అయ్యవార్లు యాడుంటారమ్మా?"

"అయ్యవారితో ఏం పని? ఏరుండాది గదా."

అన్న నవ్వేశాడు. "పెన్నకు నీళ్ళు రానీలేమ్మా, ఈడే వదుల్తా" అని, పక్కాయన వైపు తిరిగి ఏదో రాతివంతెన సంగతి ఎత్తుకున్నాడు. ఛీ, వీడూ ఒక మనిషేనా అనిపించింది నాకు.

తెల్లారి అన్న ఇంకా గుర్రుపెట్టి నిద్రపోతుండగానే అమ్మ నన్ను పెన్నకు తీసుకుపోయింది. ఏట్లో ఇసుక తప్ప ఏమీ లేదు. చేతులతో చెలమ తోడితే అడుగున కాసిని నీళ్ళు ఊరాయి. అమ్మ నా రెండు చేతులూ దగ్గరికి చేర్చింది.

"వదులు పాపా."

"నేను ఆడపిల్లను గదమ్మా?"

"దప్పిక, దప్పిక అంటానే పోయినాడే మీ నాయన. చెయ్యి ఎవరిదైతే ఏమి?"

రెండు దోసిళ్ళు వదిలాను. మూడోదానికి నీళ్ళు చాల్లేదు. మళ్ళీ ఊరేదాకా ఇద్దరమూ ఆ ఇసుకలోనే కూర్చున్నాం.