నీలమ్మ ముఖంలో రిపోర్టు

రక్తం ఉన్న సిరంజిని చెవి దగ్గర పెట్టుకుని ఒక్కసారి ఊపితే చాలు, మనిషి ఉంటాడో పోతాడో నీలమ్మకి తెలిసిపోతుందట. జూబ్లీహిల్స్‌లోని ఆ ఆసుపత్రి సెల్లారు నుంచి రహమత్ నగర్ సందుల దాకా ఈ మాట పదకొండేళ్లుగా నడుస్తోంది. విన్నామన్నవాళ్లు వెయ్యిమంది. కళ్లారా చూసినవాడు ఒక్కడూ దొరకలేదు.

నీలమ్మ చేసేది ల్యాబ్ టెక్నీషియన్ పని. ఐసీయూలో నర్సు తీసిచ్చిన రక్తాన్ని సెల్లారుకి తెచ్చి, మిషన్‌లో పెట్టి, వచ్చిన అంకెను డాక్టరుకి ఫోన్‌లో చెప్పాలి. ఒంట్లో ఎక్కడో పుట్టిన ఇన్ఫెక్షన్ రక్తమంతా పాకి, బీపీ పడిపోయి, కిడ్నీలు మొరాయిస్తే దాన్ని సెప్సిస్ అంటారు. అలాంటివాళ్ల రక్తంలో లాక్టేట్ అని ఒకటి పెరుగుతుంది. చేరినప్పుడు ఒకసారి, ఆరు గంటలయ్యాక మరోసారి చూస్తారు. దిగితే ఆశ. దిగకపోతే ఇంట్లోవాళ్లని డాక్టర్లు పక్క గదిలోకి పిలుస్తారు.

ఆ పిలుపు రాకముందే సంగతి తెలుసుకోవాలని, బయట కూర్చున్న జనం నీలమ్మ ముఖం చదివేవారు. ఒకసారి ఆమె ఫోన్‌లో కోతి వీడియో చూసి నవ్వుకుంటూ లిఫ్టు ఎక్కింది. అంతే! షేక్‌పేట నుంచి వచ్చిన ఒక కుటుంబం, తక్కువలో తక్కువ నలభై మంది, ఆసుపత్రి మెట్ల మీద కొబ్బరికాయలు కొట్టేశారు. ఆ సాయంత్రమే వాళ్ల పెద్దాయన పోయాడు. ఆయన కూతురు వచ్చి నీలమ్మ ముందు నిలబడింది.

"గప్పుడు ఎందుకు నవ్వినవ్?"

తిట్టినా బాగుండేది.

ఆ రోజు నుంచి నీలమ్మ నవ్వలేదు, నొసలు ముడవలేదు. ముఖంలో ఏమీ కనపడకపోయేసరికి జనం మరింత చదవడం మొదలుపెట్టారు. క్యాంటీన్‌లో ఆమె టిఫిన్ డబ్బా మూత తీస్తే, పక్కవాళ్లందరికీ ఒకేసారి ఫోన్లు వచ్చి లేచిపోయేవారు. రహమత్ నగర్‌లో ఆమె కిరాయి గది కింద ఏ పిల్లాడికి జ్వరం వచ్చినా, తల్లి వాణ్ని కొంగు చాటున దాచేది. బతుకమ్మ ఆడేటప్పుడు కూడా ఆమెకి అటొక మనిషి, ఇటొక మనిషి పట్టేంత ఖాళీ వదిలేవారు.

లిఫ్టు నడిపే ఓంప్రకాష్ ఒక్కడే ఆమెతో మాట్లాడేవాడు. అదీ ఎగతాళికే.

"ఏమక్కా, ఇయ్యాల ఎన్ని టికెట్లు చింపినవ్?"

"నీదొక్కటే మిగిలింది తమ్మీ. మీదికా, కిందికా?"

రోజు మొత్తంలో ఆమె ఆడే సొంత మాటలు ఆ రెండే.

మొన్న ఎండాకాలంలో కాశీవిశ్వనాథం అనే పెద్దమనిషి పొద్దున ఎనిమిదింటికి ఐసీయూలో చేరాడు. సొంతూరు తణుకు. ముప్పై ఏళ్లుగా ఫిల్మ్‌నగర్‌లో సినిమావాళ్ల బట్టలు ఇస్త్రీ చేసేవాడు. ఆయన పెట్టిన మడత మీద దోమ వాలితే రెండు ముక్కలయ్యేదట. మూత్రంలో మొదలైన ఇన్ఫెక్షన్ రక్తానికెక్కింది. రెండు లోపు ఉండాల్సిన లాక్టేట్ ఆరు పాయింట్ ఒకటి. వెంట ఉన్నది భార్య పుష్పవల్లి ఒక్కతే.

మధ్యాహ్నం రెండింటికి రెండో రక్తం తీశారు. దాన్ని తీసిన వెంటనే ఐసులో పెట్టి పరుగెత్తాలి. లేకపోతే సిరంజిలోని రక్తకణాలు ఊరుకోవు, కూర్చున్నచోటే లాక్టేట్ తయారుచేస్తాయి, అంకె అబద్ధంగా పెరుగుతుంది. నీలమ్మ ఐసు డబ్బా తెరిచి చూస్తే నీళ్లున్నాయి. షూటింగ్‌లో కాలు మడతపడిన హీరో ఒకాయన అప్పుడే చేరాడు. క్యాంటీన్‌లో జ్యూసుల ఐసుతో సహా ఆసుపత్రిలోని ఐసంతా ఆయన చీలమండ చుట్టూ చేరింది. రెండు నిమిషాల్లో కిందికి పోతాను కదా అని, నీలమ్మ సిరంజిని ఉత్త ట్రేలో పెట్టుకుని బయలుదేరింది.

లిఫ్టు దగ్గర పుష్పవల్లి ఆమె చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, మీకు తెలిసిపోద్దంట కదండీ. ఆయన ఉంటారాండీ?"

"నాకేం తెల్వదమ్మా. ఇడువు."

"పోనీ చెప్పకండి. కాసేపు ఇలా కూర్చోండి. పొద్దుటి నుంచి నాతో మాట్లాడినవాళ్లే లేరండి."

గ్లవ్స్ లేని తన చేతిని ఇంకొకరు పట్టుకుని ఎన్నేళ్లయిందో నీలమ్మకి గుర్తు రాలేదు. ట్రే ఒళ్లో పెట్టుకుని బల్ల మీద కూలబడింది. పుష్పవల్లి చెబుతూ పోయింది. ఆయన తన లుంగీ కూడా ఇస్త్రీ లేనిదే కట్టడని, పెళ్లిపీటల మీద తాళి కట్టకముందే తన చీర కుచ్చిళ్లు వంకరగా ఉన్నాయని సర్దాడని. అక్కడ నీలమ్మ నవ్విందని కూడా అంటారు. లేచేసరికి నలభై నిమిషాలు.

మిషన్ ఆరు పాయింట్ తొమ్మిది చూపించింది. పదకొండేళ్ల అలవాటు. చెయ్యి ఫోనెత్తింది, నోరు అంకె చెప్పేసింది. ఆ తర్వాతే ఐసు లేని ట్రే నీలమ్మ కంట పడింది; మళ్లీ ఫోన్ చేస్తే ఆ నలభై నిమిషాలు ఎక్కడున్నావంటారు.

అరగంటకి ఓంప్రకాష్ దిగివచ్చాడు.

"అక్కా, గా ఇస్త్రీ పెద్దాయనను తణుకుకు తోలుకపోతరంట. డాక్టరమ్మ ఆశ లేదన్నదట. అంబులెన్సు గేటు కాడ నిలబడ్డది."

నీలమ్మ లిఫ్టు కోసం ఆగలేదు. ఆరంతస్తులు మెట్ల మీదే ఎక్కింది. ఆసుపత్రికి ఉన్నవి నాలుగే అంతస్తులు గానీ, ఆమె ఎక్కింది మాత్రం ఆరని అందరూ ఒప్పుకుంటారు. ఐసీయూ డాక్టర్ సాయిసుధ ఎదుట నిలబడి రొప్పింది.

"మేడం, ఆ నంబర్ తప్పు. ఐసు లేకుండ నలభై నిమిషాలు నా ఒళ్లనే ఉండె."

"నలభై నిమిషాలా? అంతసేపు ఏం చేస్తున్నావు నీలమ్మా?"

నీలమ్మ తన అరచెయ్యి చూసుకుంది.

"ఆమె నా చెయ్యి పట్టుకునె మేడం. ఇడిపించుకోబుద్ధి కాలే."

సాయిసుధ పెద్దాయన ఫైలు మళ్లీ తెరిచింది. "మళ్లీ తీద్దాం. ముందు ఐసు తీసుకురా."

నీలమ్మ తిన్నగా హీరో గదిలోకి వెళ్లి, చీలమండ మీది సంచి లాక్కుని వచ్చింది. ఆయన "అమ్మా" అన్నాడట. ఇన్ని సినిమాల్లో అంత బాగా ఎప్పుడూ అనలేదని నర్సుల అభిప్రాయం.

ఈసారి నాలుగు పాయింట్ ఎనిమిది.

"గండం గడిచినట్టు కాదండీ," అంది సాయిసుధ పుష్పవల్లితో. "కానీ దిగుతోంది. ఇప్పుడు కదిలించకండి."

అంబులెన్సు ఖాళీగా వెనక్కి పోయింది. పన్నెండో రోజున కాశీవిశ్వనాథం లేచి కూర్చుని, ఆసుపత్రి దుప్పటి మడతలు చూసి చీదరించుకున్నాడు. నీలమ్మకి మెమో ఇచ్చారు.

ఇక పుకారుకి కొమ్ములు మొలిచాయి. రక్తాన్ని ఒళ్లో పెట్టుకుని నలభై నిమిషాలు మంత్రం వేసిందట, చెయ్యి పట్టుకున్నవాళ్ల మనిషి బతుకుతాడట. డిశ్చార్జి రోజున పుష్పవల్లి పూతరేకుల పెట్టె తీసుకుని లిఫ్టు దగ్గర కాచుకుంది. బల్లల మీద ఇరవై మంది కూర్చుని ఉన్నారు. ఇరవై మందీ నీలమ్మ ముఖమే చూస్తున్నారు. ఆమె చేతిలో ఐసు డబ్బా, అందులో ఇంకెవరిదో రక్తం.

పుష్పవల్లి చెయ్యి చాచింది. "ఆ రోజు మీరు నా దగ్గర కూర్చోబట్టే కదమ్మా..."

పట్టుకుంటే రేపటి నుంచి ఇరవై చేతులు. ప్రతి చేతి దగ్గరా ఒక సిరంజి ఆగిపోతుంది. నీలమ్మ ఐసు డబ్బాని రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, అందరికీ వినపడేలా అంది.

"మీరెవరో నాకు తెల్వదమ్మా. నేను ఎవ్వరి దగ్గర కూసోలే, నా చెయ్యి ఎవ్వరు పట్టుకోలే. గదంతా ఉత్త ముచ్చట. జర తొవ్వ ఇడువుండ్రి."