అచ్చయ్య తాగని కల్లు

మిర్యాలగూడలో అచ్చయ్య తుఫాన్ బండి ఎక్కడం సులువే, అందులో సుఖంగా కూర్చోవడమే కష్టం. బెల్టు పెట్టుకోమంటాడు, పాట తగ్గించమంటాడు, యాభై దాటనివ్వడు. "స్కూటీలు దాటిపోతున్నయ్ మామా" అని ఎవరన్నా అంటే "దిగి స్కూటీ ఎక్కు" అంటాడు. ఇరవై రెండేళ్లుగా ఇదే తంతు. ఇంత చాదస్తపు మనిషి మా జిల్లాలో ఇంకొకడు లేడని నా గట్టి నమ్మకం. అయినా పెళ్లిళ్ల కాలంలో ఆయన బండి కావాలంటే నెల ముందే చెప్పాలి.

మొన్న ఏప్రిల్‌లో ఆయన మేనకోడలు నవనీతకు సంబంధం ఖాయం చేసుకోవడానికి పదకొండు మందిమి కోదాడ వెళ్లాం. పక్కింటివాణ్ణి కదా, నేనూ ఎక్కాను. పిల్లాడు రాకేష్‌కు సూర్యాపేటలో మందుల షాపు ఉంది. ఇద్దరూ ఒకరికొకరు నచ్చారు. నవనీతకు తండ్రి లేడు కాబట్టి పెద్దదిక్కు మేనమామే, డ్రైవరూ ఆయనే. చిక్కంతా అక్కడే వచ్చింది.

వాళ్ల ఇళ్లలో రెండు వైపుల పెద్దలు కలిసి కల్లు తాగితేనే మాట ఖాయమైనట్టు. పిల్లాడి తండ్రి వీరేశం పొద్దున్నే దింపించిన కల్లు గ్లాసులో పోసి అందించాడు. అచ్చయ్య చెయ్యి చాపలేదు.

"ఏమన్నయ్యా, మా ఇంటి కల్లు పనికిరాదా?"

"కల్లు మంచిదే అన్నా. ఇయ్యాల నేనే పనికిరాను, బండి నడపాలె. ఆదివారం బస్సుల వచ్చి కడుపునిండ తాగిపోత."

"ఒక్క గ్లాసుకే ఏమవుతుందయ్యా?"

"ఏం కాకపోవచ్చు. అయితే మాత్రం పదకొండు మందికి అయితది."

వీరేశం గ్లాసు కింద పెట్టేశాడు. భోజనాలైతే పెట్టారు గానీ పెళ్లి మాట మళ్లీ ఎత్తలేదు. మేం బయలుదేరేటప్పుడు వీరేశం "ఆలోచించుకుని చెబుతాం" అన్నాడు. ఆ మాటకు అర్థం ఏమిటో పెళ్లీడు పిల్లలున్న ప్రతి ఇంటికీ తెలుసు.

ముందు సీట్లో కూర్చున్న నవనీత తల్లి అలివేలు హుజూర్‌నగర్ దాకా ఓర్చుకుంది. తర్వాత అన్న మీద విరుచుకుపడింది.

"నా బిడ్డ నోట్లె మన్ను కొట్టినవ్ అన్నా. ఒక్క గ్లాసు తాగితె సచ్చిపోతుంటివా?"

వెనక నవనీత కిటికీ వైపు తిరిగి చున్నీతో కళ్లు తుడుచుకుంటోంది. నిజం చెప్పొద్దూ, నాకూ అచ్చయ్య మీద ఒళ్లు మండింది. ఆయన మాత్రం యాభై దాటకుండా నడుపుతూనే ఉన్నాడు.

నేరేడుచర్ల దాటాక సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, వాటి చుట్టూ రాళ్లు పేర్చారు. మిగిలిన సగంలో ఎదురుగా లారీ వస్తోంది. అచ్చయ్య వేగం తగ్గించాడు. అంతలో కాళ్లతో వడ్లు తిరగేస్తున్న ముసలామె వెనక్కి వెనక్కి నడుస్తూ మా బండి ముందుకే వచ్చేసింది. బ్రేకు గట్టిగా పడింది. మూడడుగుల దూరంలో ఆగాం. ఆమె "కండ్లు కనవడ్తలేవా?" అని మమ్మల్నే తిట్టి పక్కకు పోయింది. అచ్చయ్య ఇంజన్ ఆపేసి స్టీరింగ్ మీద తల ఆనించాడు. ఆయన భయపడటం నేను చూడటం అదే మొదటిసారి. అలివేలు సీసా మూత తీసి అందిస్తే కాసిని నీళ్లు తాగి బండి కదిలించాడు.

పది నిమిషాల తర్వాత అచ్చయ్య ఫోన్ మోగింది. వీరేశం! అలివేలు తీసి స్పీకర్ పెట్టింది.

"అన్నయ్యకి ఇవ్వమ్మా."

అలివేలు ఒకసారి కూతురి వైపు, ఒకసారి రోడ్డు వైపు చూసింది.

"ఇయ్యనన్నా. బండి నడుపుతుండు. ఇంటికి పోయినంక ఆయనే చేస్తడు."

ఇక సంబంధం పోయినట్టే అనుకున్నాను.

"సరేనమ్మా," అన్నాడు వీరేశం చివరికి. "మెల్లగానే తీసుకెళ్లమను. మా కోడలు కూడా ఆ బండిలోనే ఉంది కదా."